ఫస్టు రాజు

అల్లాబక్షు రాజు. నెలకు నాలుగైదు రాత్రులు, అదీ సగం రాత్రి వరకే. మిగతా కాలమంతా సత్తెనపల్లి దాటాక గుంటూరు రోడ్డులో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలెత్తే ముఠాకు మేస్త్రి.

సగం రాత్రి అని ఎందుకన్నానో చెప్పాలి. మా వైపు పద్యనాటకాల్లో ఒకే పాత్రను ఇద్దరు వేస్తారు. నాలుగైదు గంటలు పద్యాలు లాగడం ఒక్క గొంతుతో అయ్యే పని కాదు. పైగా పేరున్న నటులను ఇద్దరిని పిలిపించామని ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఇంటర్వెల్ దాకా ఫస్టు రాజు, ఆ తర్వాత సెకండు రాజు. కిరీటం అదే, దాని కింద మనిషి మారతాడు. తెర లేచేసరికి పొట్టి రాజు పొడుగు రాజైనా జనం ఏమీ అనుకోరు. పద్యం బాగుంటే చాలు వాళ్ళకు.

ముప్పై ఏళ్ళుగా బక్షు ఫస్టు రాజే. నా పేరు జానకిరామయ్య. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను, హార్మోనియం వాయిస్తాను. అతని పద్యాలకు ఇన్నేళ్ళూ శ్రుతి పట్టింది నేనే కాబట్టి అతని గురించి రాసే హక్కు నాకుంది. జరిగినదాంట్లో కొంత పాపం నాది కూడా కాబట్టి రాయక తప్పదు.

మా నాటక సమాజం ఎక్కువగా ఆడేది ఒకటే నాటకం. శత్రువు తరుముతుంటే పారిపోయి వచ్చిన ఒక మనిషికి ఒక రాజు నిండు సభలో అభయమిస్తాడు. నా కోటలో ఉన్నంతకాలం నీ ఒంటి మీద ఈగ వాలనివ్వను అంటాడు. అక్కడికి ఇంటర్వెల్. ఆ మాట వల్ల శత్రువు కోటను ముట్టడించడం, ఆరు నెలలు నగరం ఆకలితో మాడిపోవడం, రాణి పడే బాధ, ఇవన్నీ రెండో సగంలో వస్తాయి.

బక్షు అభయమిచ్చే పద్యం ఎత్తుకుంటే తిరునాళ్ళలో జీళ్ళు అమ్ముకునేవాళ్ళు కూడా తక్కెడ వదిలేసి చూసేవారు. చివరి పాదం మీద గొంతు పైకి తీసుకెళ్ళి అక్కడే నిలబెట్టేవాడు. "వన్స్ మోర్!" అని జనం కేకలేసేవారు. మళ్ళీ పాడేవాడు. మూడోసారి పాడిన రోజులూ ఉన్నాయి. ఆ తర్వాత మేకప్ తుడుచుకుని, లుంగీ కట్టుకుని, ఎవరిదో ఒకరి బండి వెనక ఎక్కి వెళ్ళిపోయేవాడు. పొద్దున్నే ఏడింటికి స్టోరేజీ దగ్గర ఉండాలి కదా. అలా ముప్పై ఏళ్ళలో రెండో సగం అతను ఒక్కసారీ చూడలేదు. ఈ సంగతి నాకు తెలుసు. ఏనాడూ తప్పనిపించలేదు, అదీ నా తెలివి.

బక్షు వాళ్ళు నూర్‌బాషాలు. తండ్రి దూదేకి పరుపులు కుట్టేవాడు. పరుపుల పని తగ్గిపోయాక బక్షు మిర్చి బస్తాల కిందికి వెళ్ళాడు, పదేళ్ళకు మేస్త్రి అయ్యాడు. ఇరవైరెండు మందిని నిజంగా రాజులాగే చూసుకునేవాడు. వయసైపోయిన వాళ్ళను తీసెయ్యమని ఓనరు అంటే తీసెయ్యలేదు. తాగొచ్చినవాడిని కొట్టలేదు, ఆ రోజుకు ఇంటికి పంపి మర్నాడు రమ్మనేవాడు. అతని భార్య జుబేదా అదే స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకు పెద్ద. నలభై మంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతుంటే రేకుల షెడ్డులో పొద్దుగూకులూ కూర్చుంటారు. జుబేదా నెమ్మదైన మనిషి. ఏదైనా పని ఉంటే నలభై మందిలో ప్రతి ఒక్కరినీ నువ్వేమంటావు, నువ్వేమంటావు అని అడిగేది. మగవాళ్ళు దాన్ని చూసి నవ్వుకునేవారు. నేనూ నవ్వుకున్నాను.

నిరుడు జనవరిలో గుంటూరులో ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు పిలిచారు. పాత నాటకాల నుంచి నాయకత్వం గురించీ ప్రేమ గురించీ నేటి పిల్లలు ఏం నేర్చుకోవాలో చెప్పాలట. బక్షుకు శాలువా కప్పి మైకిచ్చారు. చెప్పాల్సినదంతా నేనే రాసిచ్చాను, రెండు రోజులు కూర్చుని. నాయకుడంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనివాడు, ప్రేమంటే ఎదురు చెప్పకుండా వెంట నడవడం. ఈ రెండు వాక్యాలూ నావే. పిల్లలు ఈలలు వేశారు. తిరుగు బస్సులో బక్షు, "మేష్టారూ, ఇన్నాళ్ళూ పద్యాలే అనుకున్నా, ఇంత అర్థం ఉందా ఇందులో?" అని మురిసిపోయాడు. నాకూ ఛాతీ ఉబ్బింది. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మార్చి మొదటి వారంలో, సీజను మంచి ఊపు మీద ఉండగా, స్టోరేజీలో బస్తాల దొంతర ఒకటి కూలింది. ముఠాలో పనిచేసే బాపయ్య దాని కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళిన గంటకల్లా స్టోరేజీ గుమాస్తా వచ్చి, తాగి బస్తాల మీదికి ఎక్కితే ఇలాగే ఉంటుందన్నాడు. బాపయ్య జన్మలో తాగలేదు. అంత ఎత్తుకు దొంతర వద్దని వారం ముందే చెప్పిన మనిషి అతను.

ముఠా అంతా స్టోరేజీ వాకిట్లో చేరింది. బక్షు లారీలు తూచే వేబ్రిడ్జి గట్టు మీదికి ఎక్కాడు. అక్కడున్నవాళ్ళు తర్వాత నాకు చెప్పినమాట ఇది. తువ్వాలు భుజం మీద సర్దుకుని, అచ్చం సభలో నిలబడ్డట్టే నిలబడ్డాడట.

"ఓనరు బాపయ్య గుమ్మంలోకొచ్చి తప్పు నాదని చెప్పేదాకా మా ముఠాలో ఏ ఒక్కడూ ఈ స్టోరేజీలో బస్తా ముట్టడు. ఇది అల్లాబక్షు మాట!"

చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవడో అలవాటు కొద్దీ "వన్స్ మోర్!" అని అరిచాడు. అందరూ అందుకున్నారు. బక్షు కూడా అలవాటు కొద్దీ ఆ మాటను మళ్ళీ అన్నాడు, ఇంకాస్త గొంతు పెంచి. ఒకసారి కోపంలో అన్నమాటకు సర్దుబాటు ఉంటుంది. రెండోసారి కోరి అన్నదానికి ఉండదు.

రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు ఒళ్ళో కాయలు పెట్టుకుని ఇదంతా విన్నారు. మగవాళ్ళు స్టోరేజీ గదుల్లోంచి బస్తాలు దించితేనే వీళ్ళకు తొడిమలు తీసే పని. అంటే వాళ్ళ పనీ ఆగిపోయింది. వాళ్ళను ఎవరూ అడగలేదు. జుబేదా లేచి ఒళ్ళో తొడిమలు దులుపుకుని ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఓనరు బాపయ్య గుమ్మంలోకి రాలేదు. పదిహేను రోజులు చూసి వేరే ఊరి నుంచి ఇంకో ముఠాను దించాడు. తొడిమల పనికి ఊళ్ళో దొరికినవాళ్ళను కొందరిని పెట్టుకున్నాడు. బక్షు రోజూ గేటు ఎదుట వేపచెట్టు కింద కూర్చునేవాడు. మొదట్లో బాపయ్య తప్ప అందరూ వచ్చేవారు. తర్వాత పద్నాలుగు. కొందరు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పోయారు. పోయినవాళ్ళను బక్షు నిష్ఠూరమాడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఏమిటి సంగతని అడగనూ లేదు.

జుబేదా తెల్లారకముందే టిఫిన్ బాక్సు సర్దుకుని ఆటోలో పదిమందితో ఇరుక్కుని దూరపు పొలాలకు కాయ కోతకు వెళ్ళేది. ఏప్రిల్ ఎండ. సాయంత్రం బోరింగు దగ్గర బిందె పెడితే ఆడవాళ్ళు ఆమె మీద పడేవారు. "మీ ఆయన మాటిచ్చాడమ్మా, మా పొయ్యిలోకి పిల్లులొచ్చి పడుకున్నాయి. నువ్వైనా చెప్పలేవా?" అని. ఆమె బిందె నింపుకుని వచ్చేసేది. ఒక రోజు పొలంలో వడదెబ్బ కొట్టి పడిపోతే సెలైను పెట్టించి తీసుకొచ్చారు. ఇంట్లో ఆమె చెప్పలేదు, ఆ సంగతి బక్షుకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది, అదీ నా ద్వారా.

ఆ వారంలోనే తొడిమలు తీసే ఆడవాళ్ళు నలుగురు బక్షు ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళలో పెద్దావిడ, "నువ్వు మాటిచ్చేముందు జుబేదానైనా అడిగావా అన్నా?" అంది.

బక్షు నవ్వాడు. "జుబేదాని అడిగేదేంది? నా మాట ఆమె మాట కాదా?"

గుమ్మంలో బియ్యం ఏరుతున్న జుబేదా చేట పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున్నే సంచిలో నాలుగు చీరలు పెట్టుకుని పొదిలిలో ఉన్న అక్క ఖాదర్‌బీ దగ్గరికి బయల్దేరింది. "నువ్వు నీ మాట నిలబెట్టుకో. నేను అక్కడుంటా" అని మాత్రం చెప్పిందట. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె అతన్ని విడిచి ఎక్కడికీ వెళ్ళింది లేదు.

నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "మేష్టారూ, మాట వెనక్కి తీసుకుంటే నా మొహం ఎవడూ చూడడు. తీసుకోకపోతే ఆమె రాదు. రాజుకు ఇట్టాంటిది వస్తే ఏం చేస్తాడు?" అన్నాడు.

నేనేదో చెప్పాను. ఏం చెప్పానో రాయడానికి సిగ్గుగా ఉంది.

మే నెలలో ఒక ఊళ్ళో నాటకం ఒప్పుకున్నాం. మా సెకండు రాజు కోటిలింగానికి గొంతులో పుండు లేచి డాక్టరు నెల రోజులు పాడొద్దన్నాడు. ఇంకొకరు దొరకలేదు. బక్షూ, ఈసారికి రెండు సగాలూ నువ్వే వెయ్యి అన్నాను. ఏ పనీ లేక ఉన్నాడు కాబట్టి సరేనన్నాడు. రాణి వేషం వేసే రాగసుధ తెనాలి నుంచి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మాతో చేస్తున్న మనిషి. మధ్యాహ్నం పూట మా ఇంటి వరండాలో రిహార్సలుకు కూర్చున్నాం.

రెండో సగంలో మొదటి రంగం బావి దగ్గర. ముట్టడిలో ఆకలితో ఉన్న పౌరస్త్రీలు రాణిని చుట్టుముట్టి శాపనార్థాలు పెడతారు. మీ ఆయన ఎవడికో అభయమిచ్చాడు, మా పిల్లలకు ఎవరిచ్చారు అంటారు. రాణి ఎదురు చెప్పదు. తన వంతు గింజలు వాళ్ళ చెంగుల్లో పోసి కడవ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతుంది. రాగసుధ కాగితం చూడకుండా చెప్పుకుంటూ పోతోంది. నేను హార్మోనియం మీద వేళ్ళు పెట్టుకుని ఉన్నాను. బక్షు వైపు చూస్తే, అతను కాగితం కింద పెట్టేసి ఉన్నాడు.

"అమ్మా, ఆగండి" అన్నాడు. "ఈ రంగం ఎప్పట్నుంచి ఉంది?"

"అదేంటండీ, మొదట్నుంచీ ఉందిగా. మీరు చూడలేదా?"

"నేను వెళ్ళిపోయేవాడిని కదా."

రాగసుధ నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. బక్షు కాగితాలు తిరగేసి చివరిదాకా చదివాడు. రాణి తిరగలి దగ్గర పడిపోతుంది. రాజు వచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఏడు పద్యాలు పాడతాడు. అన్నీ తన దుఃఖం గురించే. ఆమె ఒక్క పద్యం పాడి కన్ను మూస్తుంది, అది ఆయన కీర్తి గురించి.

"నన్నొక మాట ఎందుకు అడగలేదని రాణి ఎక్కడా అనదా అమ్మా?"

"మాకు ఆ డైలాగు లేదండీ" అంది రాగసుధ. "నాకూ అనాలనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఉంది. రాసినాయన రాయలేదు."

బక్షు లేచాడు. నాటకం సంగతి తర్వాత చూసుకుందాం మేష్టారూ, నేను పొదిలి వెళ్తా అన్నాడు. ఆ మనిషిని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. రెండు బస్సులు మారి ఇద్దరం వెళ్ళాం. దారిపొడవునా ఎండిన చేలు, కిటికీలోంచి వడగాడ్పు.

ఖాదర్‌బీ ఇంటి ముందు పందిరి కింద జుబేదా అక్కతో కలిసి పరుపు కుడుతోంది. పొడుగు సూది దూదిలోకి దించి, కింద నుంచి లాగి, దారం ముడేస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి, నన్ను మాత్రం "రండి మేష్టారూ, కూర్చోండి" అని మంచం చూపించింది. బక్షు నిలబడే ఉన్నాడు.

"నిన్ను అడక్కుండా మాటిచ్చా" అన్నాడు. "తప్పు నాదే జుబేదా."

ఆమె దారం తెంపింది. "నువ్వు అడిగుంటే నేనేమనేదాన్నో తెలుసా?"

"వద్దనేదానివి."

"అదిగో, అదే మళ్ళీ. నేను ఏమంటానో కూడా నువ్వే చెప్తన్నావు." ఆమె గొంతు అంత పెరగడం నేనెప్పుడూ వినలేదు. "నేను సరే అనేదాన్నయ్యా. బాపయ్య నాకు మాత్రం తమ్ముడు కాడా? మగాళ్ళు బస్తా ఎత్తకపోతే ఇంకో ముఠా వస్తది, లోకంలో బస్తాలెత్తేవాళ్ళకు కొదవేంది? తొడిమ తీసిన సరుకు అప్పటికి పాతిక రోజుల్లో ఓడెక్కాలని ఓనరు కాగితం మీద సంతకం పెట్టి కూర్చున్నాడు. మా నలభై మంది చేతులు ఒకేసారి ఆగితే అంత పని కొత్తోళ్ళతో చేయించలేడు. మేం అందరం ఒక మాట మీద లేస్తే ఒక్కత్తె కూడా లోపలికి పొయ్యేది కాదు. పది రోజుల్లో ఆయనే బాపయ్య గుమ్మం వెతుక్కుంటా వచ్చేవాడు. నువ్వు మమ్మల్ని లెక్కలోకే తీసుకోలా. అందుకని ఎవరికి వాళ్ళే పనికి పోయారు. ఇప్పుడు సరుకు పోయింది, సీజను అయిపోయింది."

బక్షు పందిరి గుంజ పట్టుకున్నాడు. నాకు ఆ ఓడ సంగతి తెలియదు, అతనికీ తెలియదు. షెడ్డులో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు.

"ఇంకోటి కూడా చెప్తా ఇను" అంది జుబేదా, ఈసారి నెమ్మదిగా. "కొత్తగా పెట్టుకున్న ఆడాళ్ళలో బాపయ్య పెళ్ళాం ఉంది. నెల రోజులుగా పోతంది. నేనే పొమ్మన్నా. నువ్వు గేటు కాడ కూర్చునేసరికి నీకు కనపడకుండా వెనక గోడవైపు నుంచి పోతంది పాపం."

బక్షు మొహం చూడలేకపోయాను. ఎవరి కోసం మాటిచ్చాడో ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో కూడా అతనికి తెలియలేదు. నాకు మాత్రం తెలుసా? రెండు నెలలుగా అతని పక్కన కూర్చుని నీ మాట గొప్పది, నీ మాట గొప్పది అంటున్నాను.

"ఇంటికి రా జుబేదా" అన్నాడు.

"ముందు బాపయ్యనడుగు, ఏం కావాలో. తర్వాత ఆడాళ్ళనడుగు. నన్ను ఆఖర్న అడుగు" అని మళ్ళీ సూది తీసుకుంది. ఖాదర్‌బీ మాకు మజ్జిగ ఇచ్చి పంపింది.

మర్నాడు బాపయ్య ఇంటికి వెళ్ళాం. కాలికి రాడ్డు వేశారు, మంచం మీద ఉన్నాడు. బక్షు చాలాసేపు అదీ ఇదీ మాట్లాడాడు. చివరికి, "ఒరేయ్ బాపయ్యా, నీకేం కావాలిరా?" అన్నాడు.

బాపయ్య ఆశ్చర్యపోయి చూశాడు. "ఓనరు నా గుమ్మంలోకొచ్చి తప్పంటే నా కాలేమైనా అతుక్కుంటదా బక్షూ? దొంతర అంతెత్తు కట్టకుండా చూడు, ఇంకోడు పడకుండా. మా ఆడదాని పని పోకుండా చూడు. అంతే. నేను అప్పుడే చెబుదామనుకున్నా. నువ్వు మాటిచ్చేశావు, అందరూ చప్పట్లు కొడుతున్నారంట, ఎట్టా చెప్పేది?"

ఆ సాయంత్రం గేటు ఎదుట మిగిలిన తొమ్మిది మందికీ బక్షు తన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. మామూలు గొంతుతో చెప్పాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. ఒకడు చెప్పులు తొడుక్కుని, "మరి రెండు నెలలు ఎందుకయ్యా కూర్చోబెట్టావు?" అని వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ వీధికి వెళ్ళడానికి అతనికి మూడు రోజులు పట్టింది. వెళ్తే వాళ్ళు గుమ్మాల్లోనే నిలబడ్డారు. తప్పైందన్నాడు, దొంతర ఎత్తు గురించి ఓనరుతో మాట్లాడదామంటే మీరేమంటారని అడిగాడు. ఆ పెద్దావిడే, "మాకు నీతో మాటల్లేవన్నా. జుబేదా వస్తే ఆమెతో మాట్లాడుకుంటాం" అంది.

అక్కడే నిలబడి జుబేదాకు ఫోన్ చేశాడు. వాళ్ళు అన్నది అన్నట్టు చెప్పాడు. "వస్తా" అంది. "వాళ్ళ కోసం వస్తా. మన ఇంటి సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం సత్తెనపల్లి బస్టాండులో దిగింది. బక్షు సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ఇంటివైపు తిరగలేదు. నేరుగా పెద్దావిడ ఇంటికి నడిచింది. వెనకాల మేమిద్దరం. పావుగంటలో ముప్పై మందికి పైగా చేరారు. బాపయ్య భార్య చివర్లో వచ్చి గోడకు ఆనుకుని తలవంచుకుని నిలబడితే, జుబేదా చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను మాటేం ఇవ్వను" అంది వాళ్ళతో. "ముందు మీరు చెప్పండి. ఏమే సుబ్బలక్ష్మీ, నువ్వేమంటావు?"

ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది. ఒకామె ఏడ్చింది, ఒకామె తిట్టింది, అందులో బక్షు పేరు కూడా ఉంది. జుబేదా అన్నీ విని తర్వాతామె వైపు తిరిగేది. బక్షు బయట చెప్పుల పక్కన అరుగు మీద కూర్చుని లోపలి నుంచి వచ్చే ప్రతి మాటా విన్నాడు. పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.